కుందేలు వేటకు ఇంకా వేగంగా పరిగెత్తే బీగిల్స్ కావాలంటే ఏం చూసి ఎంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: ఒహాయోలో ఉంటున్నారు, రెండు బీగిల్స్ ఉన్నాయి, జాడ బాగానే పడతాయి కానీ నెమ్మది. స్నేహితుల కుక్కలతో కలిపి వదిలితే వెనకబడిపోతున్నాయి. అందుకని మీ ఆడకుక్కను బాగా వేగమైన మగకుక్కతో క్రాస్ చేయించి పిల్లలు తీయాలనుకుంటున్నారు.

నేనూ ఇక్కడే కాటన్‌టెయిల్ కుందేళ్ళ వెనక బీగిల్స్‌ను తిప్పుతుంటాను, పిల్లల్ని కూడా తీశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను. మీరు వెతకాల్సిన వేగం కాళ్ళలో కన్నా ముక్కులో ఎక్కువ ఉంటుంది.

బీగిల్ కుందేలును తరిమి పట్టుకోదు, వాసన పట్టుకుని, అరుస్తూ వెనక వెళ్తుంది. పొదలోంచి లేచిన కాటన్‌టెయిల్ తనకు తెలిసిన చోటు వదలకుండా ఒక చుట్టు తిరిగి, లేచిన చోటికి దగ్గర్లోకే వస్తుంది. మనం అక్కడ కాచుకుని ఉంటాం. దారిలో అది ఆగుతుంది, పక్కకు దూకుతుంది, వచ్చిన దారినే కొంత వెనక్కి వెళ్ళి మళ్ళీ మలుపు తిరుగుతుంది. అక్కడ కుక్కలకు జాడ తప్పుతుంది. దీన్నే ఇక్కడివాళ్ళు చెక్ అంటారు. చుట్టు పూర్తికావడానికి పట్టే సమయంలో పెద్ద భాగం ఈ చెక్‌లలోనే పోతుంది.

పొడుగు కాళ్ళ కుక్క ఒకటి మలుపు దగ్గర ఆగలేక ముప్పై గజాలు ముందుకు దూసుకుపోయి, అక్కడ పెద్ద పెద్ద చుట్లు కొడుతూ వెతుకుతుంది. ఇంకొకటి వాసన పలచబడగానే అడుగు తగ్గించి, పోగొట్టుకున్న చోటే చిన్న చుట్టు వేసి, వెంటనే జాడ అందుకుని గొంతెత్తుతుంది. కుందేలును ముందు మీ దగ్గరికి తెచ్చేది రెండోది. జీపీఎస్ కాలర్‌లో మాత్రం మొదటిదే ఎక్కువ వేగం, ఎక్కువ దూరం చూపిస్తుంది. చాలామంది ఆ అంకెలు చూసి మోసపోతారు. మైళ్ళు పెరిగి కుందేలు చుట్టు తిరిగి రాకపోతే ఆ పరుగంతా వృథా.

కాబట్టి వాచీ పెట్టుకుని చెవులతో వినండి. కుందేలు లేచినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా ఎంతసేపు పట్టింది? మధ్యలో అరుపు ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు ఆగింది? మళ్ళీ మొదట గొంతెత్తింది ఏ కుక్క? తడి నేల మీద, గాలి లేని ఉదయం ప్రతి కుక్కా వేగంగానే కనిపిస్తుంది. ఎండుటాకుల మీద, గడ్డకట్టిన నేల మీద, కంకర రోడ్డు దాటేటప్పుడు చూడండి. అక్కడ తేలిపోతుంది.

ఇంకో జాగ్రత్త. జాడ మీద నడవకుండా పక్కనుంచి అడ్డంగా కోసుకుపోయే కుక్క ఎప్పుడూ ముందున్నట్టే కనిపిస్తుంది. వాసన లేకపోయినా అరిచే కుక్క మిగతావాటిని కూడా పాడు చేస్తుంది. ఈ గుణాలున్న మగకుక్క ఎంత వేగమైనదైనా నేను నా ఆడకుక్క దగ్గరికి రానివ్వను.

అసలు ఎంత వేగం కావాలనేది మీరు వేటాడే చోటును బట్టి ఉంటుంది. మెయిన్ రాష్ట్రంలోనో, మిషిగన్ ఉత్తర భాగంలోనో స్నోషూ హేర్ అనే పెద్ద కుందేలు వెనక వెళ్ళేవాళ్ళకు వేగం, దమ్ము రెండూ కావాలి. అది పెద్ద చుట్లు తిరుగుతుంది, బొరియల్లో దూరదు. మన కాటన్‌టెయిల్ అలా కాదు. కుక్కలు మరీ ఊపిరాడనివ్వకపోతే గ్రౌండ్‌హాగ్ అనే జంతువు తవ్విన బొరియలో దూరుతుంది, ఆ వేట అంతటితో సరి. అందుకే ఒహాయోలో నాకు నచ్చేది మధ్యస్థ వేగం, శుభ్రంగా జాడ పట్టే గుంపు.

పెడిగ్రీలో, అంటే వంశావళి పత్రంలో, ఫీల్డ్ ఛాంపియన్ అని కనిపించగానే ఆగిపోకండి, ఆ బిరుదు ఏ రకం పోటీలో వచ్చిందో అడగండి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ పోటీల్లో పాతకాలపు బ్రేస్ పద్ధతి ఉంది. కొద్ది కుక్కల్ని జతగా వదిలి, జాడను ఎంత కచ్చితంగా పట్టాయో చూస్తారు. దానికోసమే తరాల తరబడి ఎంచుకుంటూ పోతే కొన్ని వంశాలు మనిషి నడకంత నెమ్మదైపోయాయి. అది నచ్చని వేటగాళ్ళు చిన్న గుంపుగా వదిలే స్మాల్ ప్యాక్, తుపాకీ వేటకు దగ్గరగా ఉండే గన్‌డాగ్ పోటీల వైపు వెళ్ళారు. మీ కుక్కల తాతముత్తాతలు బ్రేస్ వంశానివైతే వాటి నెమ్మదితనానికి కారణం అక్కడే ఉండొచ్చు.

క్రాసింగ్ గురించి ఆలోచించే ముందు వాటి ఒళ్ళు చూడండి. మన ఇళ్ళల్లో ప్రేమకొద్దీ పెరుగన్నం, చపాతీలు పెడుతూనే ఉంటాం, బీగిల్ ఎంత పెట్టినా వద్దనదు. చేత్తో తడిమితే పక్కటెముకలు తెలియాలి. హార్ట్‌వార్మ్ పరీక్ష కూడా చేయించండి. దోమల వల్ల వచ్చే ఈ జబ్బుతో కుక్క త్వరగా అలసిపోతుంది. బరువు తగ్గించి, వారానికి మూడునాలుగుసార్లు పరిగెత్తిస్తే ఒక్కోసారి కొత్త కుక్క అవసరమే రాదు.

అప్పటికీ పిల్లలు తీయాలనుకుంటే, నెమ్మది తల్లికి మెరుపులాంటి తండ్రిని జోడిస్తే అన్నీ మధ్యస్థంగా పుడతాయని అనుకోకండి. ఒక చేతి వేళ్ళే ఒకలా ఉండవు. ఒకదానికి తండ్రి కాళ్ళు వచ్చి తల్లి ముక్కు రాకపోవచ్చు, అలాంటిది వేటకు పనికిరాదు. మీ ఆడదానికన్నా కొంచెం మాత్రమే చురుకైన, చెక్ దగ్గర బాగా పనిచేసే మగదాన్ని వెతకండి. దాన్ని ఒక మామూలు రోజు పొలంలో మీ కళ్ళతో చూడండి. అంతకన్నా ముఖ్యం, దానితో ఒకే ఈతలో పుట్టినవాటినీ, వేరే ఆడకుక్కలతో దానికి పుట్టిన పిల్లల్నీ చూడాలి. ఒక్క కుక్క అదృష్టం కొద్దీ బాగుండొచ్చు, ఈతంతా బాగుందంటే వంశంలో ఉన్నట్టు.

దగ్గరి బంధువులను కలిపితే మంచి గుణాలతో పాటు దాగిన జబ్బులూ బయటపడతాయి. బీగిల్స్‌లో ముస్లాడిన్-లూకే సిండ్రోమ్ అని ఒకటుంది. చర్మం బిగుసుకుపోయి కుక్క మునివేళ్ళ మీద నడుస్తుంది. ఆ జన్యువు ఒకే కాపీ ఉన్న కుక్క ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అలాంటివి రెండు కలిస్తే సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి జబ్బు వస్తుంది. దీనికీ, రక్తం గడ్డకట్టడంలో లోపం తెచ్చే ఫ్యాక్టర్ సెవెన్ లోపానికీ డీఎన్ఏ పరీక్షలున్నాయి. బుగ్గలోంచి స్వాబ్ తీసి పంపితే చాలు, ఇద్దరికీ చేయించండి. మూర్ఛ చాలావరకు ఇలా పరీక్షలో దొరకదు, కాబట్టి వంశంలో ఎవరికైనా ఉందా అని మొహమాటపడకుండా అడగండి.

ఆడదానికి రెండేళ్ళు నిండి, ఒక పూర్తి సీజన్ వేటాడాకే క్రాస్ చేయించండి. చూలు కాలం దాదాపు 63 రోజులు. ఎనిమిది వారాల పిల్లను చూసి ఏది వేగమైనదో ఎవరూ చెప్పలేరు, వీలైతే రెండుమూడు ఉంచుకోండి. ఐదారు నెలల వయసులో కంచె వేసిన చోట ఒంటరిగా కుందేలు జాడ మీద పెట్టండి, తర్వాత నిదానమైన పెద్దకుక్కను తోడివ్వండి. మొదటి సీజన్‌లో మాత్రం మీ స్నేహితుల వేగమైన గుంపుతో కలపొద్దు. పిల్ల తన ముక్కును వాడటం మానేసి, తల ఎత్తుకుని ముందు కుక్కల వెనక పరిగెత్తడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.

ఇది చదివే ఇండియా పాఠకులకు ఒక మాట: అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి కుందేలు వేట నేరం. నేను చెప్పినదంతా లైసెన్సుతో, సీజన్‌లో వేటాడే అమెరికాకు సంబంధించినదే. ఇక్కడ కూడా సీజన్ బయట కుక్కలకు శిక్షణ ఇచ్చే నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, పిల్లల్ని పొలంలోకి దించే ముందు మీ వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి.