ముందు చోటు చెప్పు

చిరంజీవి శిరీషకు పెదనాన్న ఆశీస్సులు.

మందస కొండల వైపు బీటు ఆఫీసరుగా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. మన ఇంట్లో నా తరవాత ఫారెస్టు యూనిఫాం వేసేది నువ్వే. ఎంత సంతోషపడ్డానో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అక్కడి ఎలుగుబంట్లు నాకు తెలుసు, సెల్ సిగ్నల్ అందని లోయలూ తెలుసు.

మీకిచ్చేవి ఒకే 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్ మీద రెండు సంభాషణలు నడిచే డీఎంఆర్ అనే డిజిటల్ వాకీటాకీ సెట్లని విన్నాను. మంచిదే. బ్యాటరీ నిండా ఎక్కించుకో, రెండోది సంచిలో ఉంచుకో. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడు, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. ఇవన్నీ ట్రైనింగులో చెప్పే ఉంటారు.

నా బెంగ వేరు. మా రోజుల్లో ఒక వానాకాలం సాయంత్రం సీనియర్ వాచర్ ఒకాయన సెట్‌లో పిలిచాడు. తోటి కుర్రాడి మీద ఎలుగు పడింది. "నెత్తురు కారిపోతోంది, తొందరగా రండి" అని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పాడు. ఎక్కడ అంటే "గెడ్డ దగ్గర" అన్నాడు. ఆ కొండల్లో ఎటు దిగినా ఏదో ఒక వాగు, గెడ్డే కదమ్మా! ఏ గెడ్డో అడిగేలోగా గరగరలో గొంతు మునిగిపోయింది. మేం జీడితోటల వైపు గెడ్డకి పరిగెత్తాం. వాళ్లేమో కొండకి అవతల ఉన్నారు. చేరేసరికి చీకటి పడింది. కుర్రాడి తలకి చుట్టిన తువ్వాలు తడిసి బరువెక్కి, అంచుల నుంచి చుక్కలు కారుతున్నాయి. బతికాడు గానీ ఒక కన్ను పోయింది.

అందుకే ముందు చోటు చెప్పు. బీటు, గెడ్డ పేరు, ఏ ఒడ్డు. ఏం జరిగిందో తరవాత. మా పాత సెట్లలో సిగ్నల్ తగ్గేకొద్దీ గరగర పెరిగి హెచ్చరించేది. డిజిటల్‌లో చివరిదాకా గొంతు బాగానే వినిపించి ఒక్కసారిగా తెగిపోతుంది.

జీపీఎస్ ఉంది కదా పెదనాన్నా అంటావు. ఆ అంకెలూ ఆ రేడియో మీదే వెళ్లాలి తల్లీ. గొంతు అందని లోయలోంచి అవీ అందవు. అందుకని గెడ్డలోకి దిగకముందే గట్టు మీద నిలబడి, ఎక్కడ దిగుతున్నావో ఎన్నింటికి పైకొస్తావో చెప్పు. ఆ వేళకి పిలుపు రాకపోతే ఎవరు బయల్దేరాలో ముందే అనుకోండి. సెట్ నడుముకి ఉంచి మాట్లాడకు, ఒళ్లే సిగ్నల్‌ని తినేస్తుంది. మొహం ఎత్తుకి తెచ్చి యాంటెన్నా నిటారుగా పట్టుకో.

కొన్ని సెట్లలో ఒంటరిగా తిరిగేవాళ్ల కోసం లోన్ వర్కర్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. పెట్టిన సమయం దాకా నువ్వు ఏ బటనూ నొక్కకపోతే అదే అలారం పంపుతుంది. నీ సెట్‌లో ఉందేమో రేంజర్ గారిని అడుగు. మొహమాటపడకు. చిన్నప్పుడు జ్వరం వచ్చినా చెప్పకుండా మూల ముడుచుకుని పడుకునేదానివి. అడవిలో ఆ బుద్ధి కుదరదు, చెబుతున్నాను.

జీడిపళ్ల కాలంలో తెల్లవారుజామున తోటల్లో ఒంటరిగా తిరగకు, ఎలుగులు ఆ పళ్లకి దిగుతాయి. చేరిన మొదటి వారంలోనే అక్కడి సవర గిరిజన పెద్దల్ని అడిగి గెడ్డల పేర్లన్నీ పుస్తకంలో రాసుకో. మ్యాపులో లేనివి చాలా ఉంటాయి. వాళ్లు పలికినట్టే రాసి, ఆఫీసులో సెట్ దగ్గర కూర్చునేవాళ్లకి ఒక కాపీ ఇవ్వు.

మీ పెదనాన్న