డీ-మాక్స్‌కి కారవాన్ తగిలించే ముందు ఒకసారి కాటా ఎక్కించండి

భీమవరం నుంచి ఒకాయన అడిగారు. డీ-మాక్స్ వి-క్రాస్ పికప్ కొన్నారట, దాని వెనక లాక్కెళ్లడానికి టన్ను పైచిలుకు తూగే ట్రావెల్ ట్రైలర్, అదే కారవాన్, ఒకటి కట్టించుకుంటున్నారట. ఇంజిన్ సరిపోతుందా, వెనక కమాన్‌కట్టకి (ఇరుసు మీది స్ప్రింగు పట్టీల కట్టకి) ఇంకో పట్టీ వేయించాలా, బండికి ఇంకా ఏమేం చేయించాలి, నరసాపురం రేవులో పంటు (బళ్లని గోదారి దాటించే పడవ) ఎక్కించి అంతర్వేది తీసుకెళ్లొచ్చా అని.

ఇంజిన్ గొడవ వదిలేయండి. 1.9 లీటర్ల డీజిల్, 360 న్యూటన్ మీటర్ల టార్క్, అది టన్ను బండిని లాగలేకపోవడం ఏంటండీ. టయోటా హైలక్స్ ఆటోమేటిక్‌కి 500 ఉంది, అది ఇంకాస్త సుఖంగా లాగుతుంది, అంతే తేడా. మన వైపు అందరూ లాగుతుందా అనే అడుగుతారు, ఆగుతుందా అని అడిగినవాణ్ని నేనైతే ఇంతవరకు చూడలేదు. ఇదంతా ట్రాక్టర్ అలవాటు. పిన్ను గుచ్చడం, బస్తాలు వేసుకోవడం, పోవడం. వెనక తగిలించిన ట్రక్కుకి బ్రేకులు ఉన్నాయో లేవో ఎవడికీ పట్టదు, నెమ్మదిగా పోతుంది కాబట్టి బతికిపోతున్నారు. మీరేమో హైవే ఎక్కి డెబ్భై ఎనభైలో పోతారు.

మా బావగారి ట్రైలర్ సంగతి చెబితే మీకే అర్థమవుతుంది. వాళ్లది పాలకొల్లు దగ్గర. అక్కాబావా పిల్లలతో మారేడుమిల్లి బయల్దేరారు, దారిలో రాజమండ్రిలో వియ్యాలవారింట్లో దిగాలి, నన్ను కూడా రమ్మన్నారు. వియ్యాలవారింటికి ఉత్త చేతులతో వెళ్తారా మనవాళ్లు? కొబ్బరికాయల బస్తా, రెండు పనసకాయలు, ఆవకాయ జాడీ, ఇవన్నీ ట్రైలర్ వెనక తలుపు తీసి, వంటగట్టు కింద సర్దేశారు. తలుపు అక్కడుంది కాబట్టి సామాను అక్కడే పెట్టారు, అంతకు మించి ఆలోచన లేదు. దానికి తోడు రెండొందల లీటర్ల నీళ్ల ట్యాంకు. కట్టినవాడు దాన్ని ఇరుసుకి వెనకాల బిగించాడు, పైపు తక్కువ పడుతుందని. బావగారు దాన్ని నిండా నింపారు, మారేడుమిల్లిలో నీళ్లు దొరకవన్నట్టు.

మార్టేరు, పెనుగొండ దాకా కాలువ గట్టు రోడ్డు, గుంటలు, ఊరికో స్పీడ్ బ్రేకర్, దేనికీ తెల్ల గీతలు ఉండవు, పైగా కోతల రోజులు కావడంతో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. (రోడ్డు వేసింది కళ్లానికా అని అడిగితే కొట్టడానికి వస్తారు.) స్పీడు లేదు కాబట్టి ఏమీ తెలియలేదు. సిద్ధాంతం వంతెన ఎక్కాక రోడ్డు బాగుందని బావగారు ఎనభై పట్టారు. నది మీద గాలి పక్కనుంచి కొడుతోంది. అప్పుడే వెనకనుంచి ఒక ప్రైవేటు బస్సు రయ్యిమని దాటింది. అది పక్కకొచ్చినప్పుడు గాలి ట్రైలర్‌ని అవతలికి నెట్టింది, దాటాక ఇవతలికి లాగింది, ఇక చూడండి, వలలో పడ్డ కొర్రమేను తోక కొట్టినట్టు మొదలుపెట్టింది. కుడి అద్దంలో ట్రైలర్ కనపడుతుంది, మాయమవుతుంది, ఎడమ అద్దంలో తేలుతుంది. బండి వెనక భాగాన్ని కూడా తనతో పాటు ఈడుస్తోంది. వెనక సీట్లో అక్క నరసింహస్వామిని కేకేసి పిలుస్తోంది. బావగారి కాలు బ్రేకు మీదికి పోవడం చూసి "బ్రేకు తొక్కకండి బావగారూ, యాక్సిలరేటర్ వదిలెయ్యండి, స్టీరింగ్ తిప్పకుండా నిలకడగా పట్టుకోండి" అని అరిచాను. స్పీడు యాభైకి దిగాక దానంతటదే సర్దుకుంది. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కి ఉంటే వెనకున్న టన్ను బరువు మమ్మల్ని అడ్డంగా తిప్పేసేది. స్టీరింగ్ ఎదురు తిప్పి సరిచేద్దామనుకున్నా అంతే, ఊపు ఇంకా పెరుగుతుంది.

రావులపాలెం దాకా ఎవరూ మాట్లాడలేదు. దిగాక బావగారు "గోదారి గాలండీ బాబూ" అన్నారు. గాలి కాదు బావగారూ, పనసకాయలు అన్నాను. ఆయన నమ్మరు. పక్కనే లారీల కాటా ఉంటే బండి ఎక్కించమన్నాను. కాటా కుర్రాడు చుట్టూ తిరిగి చూసి "సరుకేంటండీ" అన్నాడు, బావగారు "సంసారం" అన్నారు. వాడు రసీదులో నిజంగానే ఇల్లు అని రాశాడు.

మీరూ ఇలాగే తూచుకోండి. ట్రైలర్ తగిలించే ఉంచి, బండి చక్రాలు మాత్రం కాటా మీద, ట్రైలర్ చక్రాలు కిందా ఉండేలా ఆపి ఒకసారి తూకం వేయించండి. తర్వాత ట్రైలర్ విప్పేసి బండిని ఒక్కదాన్నీ మళ్లీ తూయించండి. రెంటికీ తేడాయే బండి బంతి మీద, అంటే ట్రైలర్ తగిలించడానికి బండి వెనక ఉండే ఇనప గుండు మీద, ట్రైలర్ మోపే బరువు. అది ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ఉండాలి. యూరప్‌లో అంతకన్నా తక్కువ పెట్టుకుంటారు, వాళ్ల ట్రైలర్లు వేరు, వాళ్ల స్పీడు లెక్కలు వేరు, నేను మాత్రం పదికి తక్కువైతే ఒప్పుకోను. బావగారి ట్రైలర్ పదకొండొందల కిలోలు తూగింది, బంతి మీద పడుతున్నది నలభై. బరువంతా ఇరుసుకి వెనకే పడి ముందు తేలిపోయింది, ఊగక ఏం చేస్తుంది? ట్యాంకులో సగం నీళ్లు అక్కడే వదిలేసి, కొబ్బరి బస్తా, పనసకాయలు ముందు మంచం కిందికి చేర్చాం. ఆవకాయ జాడీ మాత్రం అక్క కదలనివ్వలేదు. మళ్లీ తూస్తే నూట ఇరవై. జొన్నాడ వంతెన మీద అదే గాలి, బస్సులూ లారీలూ దాటుతూనే ఉన్నాయి, బండి మాత్రం తొణకలేదు.

ఇక బండి సంగతి. ఆ బంతి మీద బరువు మీ పికప్ మోయాల్సిన బరువులో కలుస్తుంది. మనుషులు, వెనక తొట్లో సామాను, తొట్టి మీద బిగించిన మూత, ముందు బిగించిన ఇనప గార్డు, అన్నీ ఆ లెక్కలోవే. ఆ గార్డులు తీయించమని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు రాసింది, అయినా మన కుర్రాళ్లకి అది లేకపోతే బండి బండిలా కనపడదు. డాలస్‌లో మా పిన్ని కొడుక్కి టయోటా టకోమా పికప్ ఉంది. అక్కడ ఆ మోడల్‌కి గరిష్ఠంగా 6,500 పౌండ్లు, అంటే మన లెక్కలో 2,900 కిలోల పైన లాగొచ్చని చెబుతారు. కానీ డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసిన మోత బరువు అంతకంటే ముందే అయిపోతుందట, భార్యాపిల్లలు ఎక్కి కూర్చునేసరికే. వాడు స్ప్రింగు రాడ్లుండే హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) వాడతాడు, అది వెనక చక్రాల మీద పడిన బరువులో కొంత ముందు చక్రాలకి పంపుతుంది. మీ టన్ను ట్రైలర్‌కి అంత అక్కర్లేదు. మీ బండి ఎంత లాగొచ్చో ఓనర్ మాన్యువల్‌లో చూడండి, లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి రాతలో తెప్పించుకోండి. షోరూం కుర్రాడు "లాగేస్తదండీ" అన్నది లెక్కలోకి రాదు.

కమాన్‌కట్టకి పట్టీ వేయించొద్దు. వేయిస్తే వెనక లేచి కనపడుతుంది, మనకి మనశ్శాంతిగా ఉంటుంది, అంతే. ఇరుసు, బ్రేకులు, చాసిస్ అన్నీ పాతవే కదా, మోసే శక్తి ఒక్క కిలో పెరగదు. ట్రైలర్ లేకుండా తిరిగే రోజుల్లో నడుము విరుగుతుంది. తగిలించాక వెనక బాగా కుంగి హెడ్‌లైట్లు ఆకాశం చూస్తున్నాయంటే బరువు ఎక్కువైందని అర్థం, సామాను తీయండి.

డబ్బు పెట్టాల్సింది బ్రేకులకి. ఓవర్‌రన్ బ్రేకు చవక, బండి నెమ్మదిస్తే ట్రైలర్ ముందుకి నెడుతుంది, ఆ నెట్టుడికే కేబుల్ లాగి బ్రేకు పడుతుంది. ఎలక్ట్రిక్ బ్రేకైతే బండిలో కంట్రోలర్ ఉంటుంది, ఊపు వచ్చినప్పుడు ట్రైలర్ బ్రేకు ఒక్కటే చేత్తో వేయొచ్చు, దానికదే లైన్లోకి వస్తుంది. ఇక్కడ సామాను దొరకడం కష్టం, ఖర్చూ ఎక్కువే, అయినా నేనైతే దానికే ఓటేస్తాను. ఏదైనా సరే, ట్రైలర్ తెగిపోతే బ్రేకు దానంతటదే పడే ఏర్పాటు, రెండు గొలుసులు, అవి కింద అడ్డంగా ఒకదాన్నొకటి దాటేలా తగిలించడం, ఇవి మాత్రం మానొద్దు.

బంతి లేత్ మీద తిప్పించుకోకండి. మన దగ్గర వెల్డింగ్ షాపులవాళ్లు ఏదైనా చేసిస్తామంటారు, చేసిస్తారు కూడా. 50 మిల్లీమీటర్లదీ రెండంగుళాలదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండోది 50.8. ఒకదాని బంతి ఇంకోదాని కప్పులో, అంటే బంతి మీద కూర్చునే ట్రైలర్ మూతిలో, సరిగ్గా కూర్చోదు. ట్రైలర్‌కి ఏ కప్పు ఉందో దాని మీదే రాసి ఉంటుంది, అదే సైజు బంతి కొనండి. వైరింగ్‌లో ఎర్త్ వైరు విడిగా వేయించండి, బంతి ద్వారా ఎర్త్ అందుతుందని వదిలేస్తే ఇండికేటర్ వేసినప్పుడు బ్రేకు లైటు వెలుగుతుంది. మనది ఉప్పు గాలి, దానికి తోడు రొయ్యల లారీలు రోడ్డంతా ఉప్పునీళ్లు కారుస్తూ పోతాయి, వాటిని అడిగేవాడు లేడు, కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుం పట్టిపోతాయి. గ్రీజు రాసి మూత వేసి ఉంచండి.

ట్రైలర్ టైర్లు అరిగి పాడవ్వవు, వయసైపోయి పగులుతాయి. టైరు పక్కన చివర నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. కట్టేవాడు పాత టైర్లు వేసి రంగు కొట్టి ఇచ్చే రకమైతే అక్కడే దొరికిపోతాడు. ట్రైలర్‌కి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కాగితాలు ఎవరు చేయిస్తారో డబ్బు కట్టకముందే తేల్చుకోండి. బావగారు తర్వాత తేల్చుకుందామన్నారు, ఆ తిరుగుడు కథ ఇంకోసారి.

పంటు మాటకొస్తే, వద్దు. పోటు మీద నీళ్లు పైకి ఉన్నప్పుడు పర్వాలేదనిపిస్తుంది, పాటు తీసి ఉంటే రేవు వాలు నిటారుగా దిగి మళ్లీ పంటు పలకల మీదికి ఎక్కాలి, ఆ మడతలో హిచ్ కింద తగులుతుంది, అక్కడ ఇరుక్కుంటే వెనక్కి తీయడానికి ట్రైలర్ అడ్డం తిరుగుతుంది, ఒడ్డున మోటార్‌సైకిళ్ల వాళ్లంతా మీకు తలో సలహా ఇస్తారు. భీమవరం నుంచి పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, మలికిపురం మీదుగా రండి. చుట్టే. దిండి దగ్గర టీ తాగుతూ ఒకసారి చక్రాల నట్లు బిగించి చూసుకోండి, కొత్త ట్రైలర్‌కి మొదటి వంద కిలోమీటర్లలోనే అవి వదులవుతాయి.