‘జాతి అసమానతలను ఎదుర్కొంటున్న’ కౌన్సిల్: తప్పెక్కడ?

సందేహం: బ్రిటన్‌లోని ఒక నగర కౌన్సిల్ విధాన పత్రాన్ని అక్కడి తెలుగువారి కోసం అనువదిస్తున్నాను. ‘జాతి అసమానతలను ఎదుర్కొంటూ సమైక్య సామాజిక వర్గాలను నిర్మించడం’ అని శీర్షిక పెట్టాను. చదివినవాళ్లు తలా ఒక అర్థం చెబుతున్నారు. అన్నీ వాడుకలో ఉన్న మాటలే కదా, దోషం ఎక్కడుంది?

సమాధానం: వ్యాకరణ దోషం ఏమీ లేదు. చిక్కంతా వాడుకతోనే. ‘నీటి ఎద్దడిని ఎదుర్కొంటున్న గ్రామం’ అన్నప్పుడు బాధ పడేది ఆ గ్రామమే. అలాగే ‘అసమానతలను ఎదుర్కొంటున్న కౌన్సిల్’ అంటే కౌన్సిలే బాధితురాలన్న అర్థం ముందుగా తడుతుంది. ‘తగ్గించడం’, ‘తొలగించడం’ అని రాస్తే పని ఎవరిదో తేలిపోతుంది.

‘సామాజిక వర్గం’ మరీ ప్రమాదం. మన పత్రికల్లో అది కులానికి మర్యాదపూర్వకమైన మారుపేరు. ‘సమైక్య’ అనగానే రెండు తెలుగు రాష్ట్రాల వారికీ రాష్ట్ర విభజన నాటి వాదాలు గుర్తొస్తాయి. ఆ రెంటినీ పక్కపక్కన పెడితే ఏదో కుల సంఘాల ఐక్యవేదిక అనుకుంటారు.

మరి ‘సామరస్యం’ అనవచ్చా? అనవచ్చు గానీ అది సగమే చెబుతుంది. ‘మత సామరస్యం’ అన్నప్పుడు గొడవలు లేకపోవడమే మనకు ప్రధానంగా స్ఫురిస్తుంది. 2001లో ఇంగ్లండ్‌లోని ఓల్డమ్, బర్న్‌లీ, బ్రాడ్‌ఫర్డ్ పట్టణాల్లో అల్లర్లు జరిగాక టెడ్ కాంటిల్ నేతృత్వంలోని బృందం ఇచ్చిన నివేదిక ఎత్తిచూపింది వేరే సంగతి. అక్కడ తెల్లవారూ ఆసియా వారూ వేర్వేరు పేటల్లో, వేర్వేరు బడుల్లో, ఒకరి బతుకు ఒకరికి తగలకుండా ఉంటున్నారు. గొడవ లేని రోజున కూడా ఆ ఎడం అలాగే ఉంది. కౌన్సిల్ చెప్పదలచుకున్నది ఆ ఎడం తగ్గించడం గురించి. దానికి మనకు ‘కలివిడి’ అనే చక్కని మాట ఉంది. ‘జాతుల మధ్య అసమానతలు తగ్గించడం, అందరూ కలివిడిగా మెలిగే ఊళ్లను తీర్చిదిద్దడం’ అంటే ఇంటిపెద్దకైనా ఇట్టే అర్థమవుతుంది.

ఇక ‘జాతి’. జాతీయ జెండాలో దేశం, మామిడి జాతుల్లో రకం, పాత వాడుకలో కులం. అయినా ఈ మాటనే ఉంచండి. మన రాజ్యాంగం 15వ అధికరణ తెలుగు పాఠంలో మతం, జాతి, కులం వేరువేరుగానే ఉన్నాయి. అయితే మొదటిసారి వాడినచోట అర్థం విప్పి చెప్పాలి. బ్రిటన్ 2010 సమానత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ‘జాతి’ కిందికి ఒంటి రంగు, పౌరసత్వం, జాతిమూలం, దేశమూలం వస్తాయి. రంగు బదులు ‘వర్ణం’ అని రాస్తే చాతుర్వర్ణాల దగ్గరికి పోతుంది. ఆ చట్టంలో కులానికి విడిగా చోటు లేదు. దాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు ప్రభుత్వాన్ని ఆదేశించినా, 2018లో ప్రభుత్వం చేర్చబోమని ప్రకటించింది. కాబట్టి తెలుగు పాఠకులు ‘జాతి’ని కులంగా చదివి, లేని భరోసా ఉందనుకునే వీలు ఇవ్వకండి.

పత్రం లోపల ‘సంస్థాగత జాత్యహంకారం’ అని రాసి ఉంటే అది కూడా మార్చాలి. ‘సంస్థాగత’ అనగానే మనకు పార్టీల సంస్థాగత ఎన్నికలు గుర్తొస్తాయి. ‘అహంకారం’ మనిషి మనసులో ఉండే గుణం. స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుణ్ణి 1993లో లండన్‌లో హత్య చేసిన కేసులో పోలీసుల దర్యాప్తు తీరుపై 1999లో వచ్చిన మాక్‌ఫర్సన్ నివేదిక చెప్పింది ఇంతకంటే లోతైన మాట. రంగు, సంస్కృతి, జాతిమూలం కారణంగా ప్రజలకు తగిన సేవ అందించడంలో ఒక సంస్థ మొత్తంగా విఫలమవడమే అసలు దోషమని, తెలియక చూపే పక్షపాతం కూడా అందులో భాగమేనని అది నిర్వచించింది. ఇక్కడ ఎవరి అహంకారాన్నీ రుజువు చేయనక్కరలేదు. ‘వ్యవస్థలో పాతుకున్న జాతి వివక్ష’ అంటే సరిపోతుంది.

‘అసమానత’, ‘వివక్ష’ ఒకదాని బదులు ఒకటి వేయకండి. లెక్కల్లో కనిపించే తేడా అసమానత. అన్యాయంగా వేరుచేసి చూసే తీరు వివక్ష. అందరికీ ఒకేలా వర్తించే నియమం ఒక జాతివారిని ప్రత్యేకంగా దెబ్బతీసి, దానికి తగిన సమర్థన లేకపోతే అది పరోక్ష వివక్ష. ‘బ్రిటన్‌లో చదివినవారే అర్హులు’ అనే ఉద్యోగ ప్రకటన ఇందుకు ఉదాహరణ కావచ్చు.

అదే సమానత్వ చట్టంలోని 149వ సెక్షన్‌ను అనువదించేటప్పుడు ‘వివక్షను నిర్మూలించి తీరాలి’ అనకూడదు. వివక్ష తొలగింపు, సమాన అవకాశాల పెంపు, సత్సంబంధాల వృద్ధి అనే మూడు అవసరాలను ప్రభుత్వ సంస్థలు ప్రతి నిర్ణయంలోనూ ‘తగినంతగా దృష్టిలో పెట్టుకోవాలి’ అన్నదే చట్టం మాట. ఫలితానికి హామీ ఇవ్వలేదు.

‘మైనారిటీలు’ అంటే మనవాళ్లు మతపరమైన మైనారిటీలనుకుంటారు, ‘అల్పసంఖ్యాక జాతులవారు’ అనండి. 159వ సెక్షన్‌లోని వెసులుబాటును ‘రిజర్వేషన్’ అని మాత్రం రాయకండి. ఇద్దరు అభ్యర్థులు అర్హతలో సమానంగా ఉన్నప్పుడు, తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గం వారిని ఎంచుకోనిస్తుందంతే. సీట్ల కోటా అందులో లేదు. ‘సమాన అర్హత ఉన్నప్పుడు ప్రాధాన్యం’ అని పూర్తిగా రాయండి, కాస్త పొడవైనా సరే.