రాగి బుల్లెట్‌కి ఎల్క్ పడదా? పడుతుంది, జబ్బ మీద కొడితే

అడిగిన ప్రశ్న ఇది: "కాలిఫోర్నియాలో ఎల్క్ (పెద్ద దుప్పి జాతి) వేటకి ట్యాగ్, అంటే ఒక జంతువుకి అనుమతి, వచ్చింది. అక్కడ సీసం బుల్లెట్లు వాడకూడదట. నా దగ్గర .30-06 రైఫిల్ ఉంది, ఇన్నాళ్ళూ 180 గ్రెయిన్ల బరువున్న సీసం బుల్లెట్లే వాడాను. రాగివి పెన్సిల్‌తో పొడిచినట్టు అవతలికి దూరిపోతాయి, జంతువు పడదు అంటున్నారు. నిజమేనా? 180 రాగివే కొననా?"

పడుతుందండీ. పడలేదని గోల చేసేవాళ్ళలో ఎక్కువమంది తూటాల డబ్బా ఒక్కటీ మార్చి, బరువు, దూరం, గురి మాత్రం సీసం రోజుల్లోవే ఉంచుకున్నవాళ్ళు. మీరూ 180 దగ్గరే మొదలుపెట్టారు చూడండి.

రాగి బుల్లెట్ ముక్కులో సన్నటి బోలు ఉంటుంది. ఒంట్లోకి దిగగానే తడి కండ ఆ బోలులోకి కూరుకుపోయి లోపలినుంచి గోడను ఒత్తుతుంది. ముందే పెట్టిన గాట్ల వెంట గోడ చీలి, నాలుగో ఆరో రేకులు వెనక్కి విచ్చుకుంటాయి. ప్లాస్టిక్ కొన ఉన్న రకాల్లో ఆ కొన లోపలికి దిగబడి మేకులా ఈ పని మొదలుపెడుతుంది. వేగం ఉంటేనే ఇదంతా జరుగుతుంది. సీసం మెత్తనిది, ఈడ్చుకుంటూ వచ్చి తగిలినా చితుకుతుంది. రాగి మొండిది. బార్న్స్ కంపెనీ రాగి బుల్లెట్ టీటీఎస్ఎక్స్ లాంటివి సెకనుకి 1800 అడుగుల దగ్గర కూడా విచ్చుకుంటాయంటారు గానీ, ఆ అంచు మీద ఎల్క్‌ని కొట్టకూడదు. తగిలేచోట 2000 ఉండాలి. అంతకు తగ్గితే రేకులు సగమే తెరుచుకుంటాయి. ఇంకా తగ్గితే నిజంగానే పెన్సిల్.

మీ .30-06లో 168 గ్రెయిన్ల టీటీఎస్ఎక్స్ 2800తో బయల్దేరుతుందనుకోండి. 200 గజాల దగ్గర 2400, 300 దగ్గర 2200 పైచిలుకు, 400 దగ్గర దాదాపు 2050 ఉంటుంది. 500కి 1900 లోపుకి వచ్చేస్తుంది. అంటే మీ హద్దు 400 గజాలు. బారెల్ 22 అంగుళాలదైతే మొదటి వేగమే కొంత తగ్గుతుంది, హద్దుని 350కి లాక్కోండి. ఈ కనీస వేగాన్ని డబ్బా మీద పెద్దక్షరాలతో ఎందుకు అచ్చేయరో అర్థం కాదు. డబ్బా మీద ఎల్క్ బొమ్మకి మాత్రం బోలెడంత చోటు ఉంటుంది.

బరువు సంగతి. ఘన సెంటీమీటరుకి సీసం 11.3 గ్రాములు, రాగి 8.9. అందుకని అదే బరువు రాగి బుల్లెట్ పొడుగ్గా వస్తుంది. 168 రాగిది మీ పాత 180 సీసం దానికంటే పొట్టిగా ఉండదు. పొడుగు బుల్లెట్ నిలకడగా పోవాలంటే బారెల్ దాన్ని గట్టిగా తిప్పాలి. .30-06లో మామూలుగా పది అంగుళాలకి ఒక చుట్టు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కానీ పాత .308 రైఫిళ్ళు కొన్నింట్లో పన్నెండు అంగుళాలకి ఒక చుట్టే ఉంటుంది, వాటిలో 150 దాటకుండా ఉంటే మంచిది. సీసంలో బరువెక్కువ ఎందుకు తీసుకునేవాళ్ళం? దారిలో సగం దాకా రాలిపోయినా మిగిలింది లోతుకి చేరాలని. రాగిలో దాదాపు ఏమీ రాలిపోదు. 168 గ్రెయిన్లు లోపలికి పోతే 160కి పైనే బయటికొస్తాయి. కాబట్టి ఒక మెట్టు తేలికది తీసుకుని ఆ మిగులుని వేగం కింద మార్చుకోండి. 165, 168 బాగుంటాయి. 150 కూడా చాలు. 180 రాగిది పనికిరాదని కాదు, మీ తుపాకీలో దాంతో మీకు ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు అసలు విషయం, గురి. సాయంత్రం పూట 250 గజాల దూరంలో మగ ఎల్క్, మీకు అడ్డంగా నిలబడి ఉంది. 300 కిలోలకి పైమాటే. సీసం అలవాటున్న చెయ్యి వెంటనే జబ్బ వెనక, పక్కటెముకల మధ్యకి పోతుంది. సీసం బుల్లెట్‌కి అది సరైన చోటే. సన్న ఎముక, మెత్తటి ఊపిరితిత్తులు, బుల్లెట్ ముక్కలై అన్ని వైపులా చిమ్ముతుంది. రాగి బుల్లెట్ అక్కడ ఏం చేస్తుంది? విచ్చుకుంటుంది, అర అంగుళం పైచిలుకు వెడల్పున తిన్నగా దారి చేసుకుని రెండో వైపునుంచి వెళ్ళిపోతుంది. పక్కకి చిమ్మే ముక్కలు లేవు. రెండు ఊపిరితిత్తులకీ కన్నం పడింది, జంతువు చచ్చినట్టే. కానీ ఆ సంగతి దానికి ఇంకా తెలీదు. నూరు, నూటయాభై గజాలు పరిగెత్తి చెట్లలో దూరుతుంది. నెత్తురు మొదట రొమ్ము లోపల నిండుతుంది, నేల మీద మొదటి యాభై అడుగుల్లో చుక్క కూడా కనపడకపోవచ్చు. చీకటి పడుతుంది. రాత్రికి ఎవరో ఒకరు "రాగి బుల్లెట్ దూరిపోయింది, ఏమీ చెయ్యలేదు" అని రాస్తారు. పెన్సిల్ కథల్లో చాలావరకు ఇక్కడ పుట్టినవే.

అదే జంతువు, అదే దూరం. గురిని ముందు కాలు నిట్టనిలువు గీత మీదకి జరపండి, ఎత్తు పొట్ట గీతనుంచి మూడో వంతు. జబ్బ ఎముక కిందిభాగం అక్కడ అడ్డం వస్తుంది, దాని వెనక గుండె పైభాగం, ఊపిరితిత్తుల ముందుభాగం ఉంటాయి. మామూలు సీసం బుల్లెట్ ఈ ఎముక మీద పగిలిపోవచ్చు, అందుకే పెద్దవాళ్ళు జబ్బ వద్దనేవాళ్ళు. రాగికి ఇదే ఇష్టమైన చోటు. ఎముకని విరుస్తుంది, విరిగిన ఎముక ముక్కలు లోపలికి చిమ్ముతాయి. సీసం ముక్కలు చేసే పని ఇప్పుడు ఎముక ముక్కలు చేస్తాయి. బుల్లెట్ అవతలి జబ్బ దాకా పోతుంది, చాలాసార్లు అదీ దాటుతుంది. రేకులు ఒకటి రెండు విరగొచ్చు, ఫరవాలేదు. ముందుకాళ్ళు పనిచెయ్యని ఎల్క్ ఎక్కడికీ పోదు. కండ పాడవుతుందని భయపడకండి, సీసంతో ఇదే దెబ్బకి జబ్బ మొత్తం నల్లగా కమిలి పారెయ్యాల్సొచ్చేది, రాగికి మామూలుగా పాడయ్యేది తక్కువ. పైగా కీమా కొట్టిస్తే అందులో కంటికి కనపడని సీసం రజను ఉండదు. పిల్లలకి పెట్టే మాంసం కదా.

నీళ్ళ డబ్బాలు, జెల్లీ దిమ్మలు కాల్చి చూపించే వీడియోలు చూసి బుల్లెట్ ఎంచుకోకండి. నీళ్ళలో రాగి రేకులు పువ్వులా విచ్చుకుంటాయి, అందులో పరీక్షేముంది? ఎల్క్‌కి తోలుంది, తోలు మీద ఎండిన బురద ఉంది, కింద ఎముక ఉంది. బోలు మూతిలో బురదో ఎముక పొడో బిగుసుకుంటే విచ్చుకోవడం ఆగిపోతుంది. కొన లేని పాత రకాల్లో అప్పుడప్పుడూ జరిగేది ఇదే. అందుకే హార్నడీ సీఎక్స్, నోస్లర్ ఈ-టిప్, టీటీఎస్ఎక్స్ లాంటి కొన ఉన్నవి తీసుకోండి.  

ఇక బారెల్. బార్న్స్ వాళ్ళ మొదటి ఎక్స్ బుల్లెట్ 1989లో వచ్చినప్పుడు బారెల్‌లో రాగి పూత విపరీతంగా పట్టేది, ఒత్తిడీ ఎక్కువుండేది. 2003లో వచ్చిన టీఎస్ఎక్స్‌కి నడుము చుట్టూ గాడులు తీశాక ఆ బాధ చాలావరకు పోయింది. అయినా రాగి మొదలెట్టే ముందు పాత పూతంతా ఉక్కు కనపడేదాకా తీసెయ్యండి. కాపర్ సాల్వెంట్ పోసి గుడ్డ దూర్చితే నీలం వస్తుంది, నీలం ఆగేదాకా దూర్చండి. తర్వాత ఏడెనిమిది గుళ్ళు కాల్చాకే గురి ఎలా ఉందో చూడండి. మొదటి మూడింటిని చూసి "ఈ తుపాకీకి రాగి పడదు" అనెయ్యకండి. సీసంతో సరిచేసుకున్న గురి నూరు గజాలకి రెండు మూడు అంగుళాలు తేడా రావొచ్చు, కొత్త బుల్లెట్‌తో మళ్ళీ సరిచూసుకోవాల్సిందే. తూటాలు ఇంట్లో నింపుకునేవాళ్ళయితే సీసం లెక్కలు రాగికి వాడకండి. పొడుగు బుల్లెట్ తూటా లోపల మందు చోటుని తింటుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఆ బుల్లెట్‌కి తయారీదారు ఇచ్చిన లెక్కే వాడి, కిందినుంచి మొదలెట్టండి. బుల్లెట్‌ని రైఫ్లింగ్‌కి, అంటే బారెల్ లోపలి మెలిక గాడులకి, ఆనించకుండా 0.050 అంగుళం ఎడం ఉంచండి. సీసం బుల్లెట్లని ఆ గాడులకి దగ్గరగా కూర్చోబెట్టే అలవాటు ఉన్నవాళ్ళకి రాగి గుళ్ళు చెల్లాచెదురవడానికి ఇదో పెద్ద కారణం.

చట్టం విషయానికొస్తే, కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ జంతువుని తుపాకీతో వేటాడినా సీసం కుదరదు. వేటకి వెళ్ళేటప్పుడు ఆ తుపాకీకి సరిపోయే సీసం తూటాలు జేబులో మర్చిపోయినా తప్పే, పాతవి ఇంట్లోనే వదిలెయ్యండి. కొత్తవాటి డబ్బా మాత్రం వెంట ఉంచుకోండి, అధికారి అడిగితే మాటలక్కర్లేదు. దీని వెనక కథ కాండోర్ రాబందులది. 1982లో మొత్తం 22 మిగిలాయి. వేటగాళ్ళు అడవిలో వదిలేసిన పేగుల్లో ఉండే సీసం రజను తిని చచ్చేవి. దీన్ని రాజకీయం చేసి అరిచేవాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు.

ఇంకొక్కటి, ఇది చాలామంది చెప్పరు. ఎల్క్ గుంపుగా ఉంటాయి, రాగి బుల్లెట్ అవతలికి వెళ్తుంది. మీ మగదాని వెనక ఇంకోటి నిలబడి ఉంటే ట్రిగ్గర్ ముట్టుకోకండి. ఒక ట్యాగ్‌కి రెండు జంతువులు పడితే ఆ రోజు మీకు ఆనందం ఉండదు. గుండు తగిలాక "థప్" మని చప్పుడొస్తుంది, ఎల్క్ నడుము వంచి అలాగే నిలబడిపోవచ్చు. తప్పిపోయిందేమో అని చూస్తూ కూర్చోకండి. బోల్టు లాగి, నిలబడి ఉన్నంతసేపూ కొడుతూనే ఉండండి. చెట్లలోకి వెళ్ళిపోతే మాత్రం అరగంట ఆగి, కాల్చినచోట ఒక గుడ్డ కట్టి, అది నిలబడ్డ చోటినుంచి వెతకడం మొదలుపెట్టండి. నేల మీద కాదు, నడుమెత్తు పొదల ఆకుల మీద చూడండి. బయటికెళ్ళిన కన్నం నెత్తురు మొదట అక్కడే అంటుకుంటుంది.