కొండ మీది హోటల్ గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. మిలాన్‌లో రైలెక్కి, కోమో సరస్సు పక్కనుంచి వాల్తెల్లీనా లోయకు వెళ్లి, తేల్యో ఊళ్లో ఒక రాతిగోడల హోటల్లో పిత్సొక్కెరి అనే పాస్తా వంటకం తిని వచ్చావు. ఇటలీ అంటే పిజ్జాయే అనుకునే మనవాళ్లకు ఆ ఆల్ప్స్ తిండి గురించి చెప్పాల్సిందే. కాకపోతే మొదటి పేజీలోనే ‘నోరూరించే’, ‘అద్భుతమైన’, ‘స్వర్గం’ అన్నీ ఖర్చుపెట్టేశావు. పళ్లెంలో ఏముందో మాత్రం రెండో పేజీ దాకా తెలియలేదు.

వంటగది తలుపు తీసే ఉందని, వండేది చూశానని ఫోన్‌లో చెప్పావు. మరి వ్యాసంలో అది ఏదీ? ముందు ఉప్పు నీళ్లలో బంగాళాదుంప ముక్కలు, ముడతల క్యాబేజీ ఉడుకుతాయి. కాసేపటికి అందులోనే బూడిదరంగు పాస్తా ముక్కలు పడతాయి. ఉడికాక చిల్లుల గరిటెతో తీసి, వేడి పళ్లెంలో ఒక వరస పరిచి, పైన ఆ లోయలో చేసే కాజేరా చీజ్ ముక్కలు, తురిమిన గ్రానా అనే గట్టి చీజ్ చల్లి, మళ్లీ ఇంకో వరస. చివర్లో వెల్లుల్లి ఎర్రబడేదాకా కాచిన వెన్నను చుయ్యిమంటూ పైన పోస్తారు. కలపరు. కలపకుండానే, మిరియాల పొడి చల్లి, పొగలు కక్కుతుండగా తెచ్చి పెడతారు. చూసింది చూసినట్టు, ఈ వరసలోనే రాయి. నోరూరడం పాఠకుడి పని, అతనికి వదిలెయ్.

ఆ ఊళ్లో ఈ వంటకానికి ఏకంగా ఒక అకాడమీ ఉంది. వాళ్లు చెప్పే కొలత నలుగురికి: బక్‌వీట్ పిండి 400 గ్రాములు, గోధుమ పిండి 100, కాజేరా చీజ్ 250, వెన్న 200. నలుగురికి 200 గ్రాముల వెన్న! ఆ ఒక్క అంకె వేస్తే ‘చాలా రిచ్‌గా ఉంది’ అన్న నీ వాక్యం అక్కర్లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఏ వంట గురించి రాసినా, అది ఎవరి ఆకలి తీర్చడానికి పుట్టిందో కనుక్కో. బక్‌వీట్ అంటే ఉత్తరాదివాళ్లు ఉపవాసాలప్పుడు వాడే కుట్టు పిండే. వాల్తెల్లీనా రైతులు దాన్ని ఇష్టపడి ఎంచుకోలేదు. కొండవాలున ఉన్న ఇరుకు మడుల్లో రై అనే గోధుమలాంటి ధాన్యం పంట కోశాక, చలి ముదిరేలోపు ఇంకో పంట చేతికి రావాలంటే మూడు నెలల్లో పండేది కావాలి. ఇది పండుతుంది. అందులో గ్లూటెన్ అనే జిగురు ఉండదు కాబట్టి పిండి సాగదు, విరిగిపోతుంది. గోధుమ పిండి కలిపేది అందుకే. స్పగెట్టిలా పొడుగ్గా కాకుండా పొట్టిగా, వెడల్పుగా కోసేదీ అందుకే. నువ్వు ‘మోటు అందం’ అన్నది ఇదే. అది అందం కోసం చేసింది కాదు.

పొలెంతా గురించి ‘పూర్వీకుల ఆరోగ్యకరమైన ఆహారం’ అని రాశావు చూడు, దాన్ని కొట్టెయ్. రాగి బానలో కర్రతో గంటసేపు తిప్పి వండే మొక్కజొన్న ముద్ద తినడానికి బాగుంటుంది, కాదనను. కానీ పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో ఉత్తర ఇటలీ బీద రైతులకు మూడు పూటలా అదే గతి. మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి సరిగా అందదు. ఫలితం పెల్లాగ్రా: ఎండ తగిలిన చోటల్లా చర్మం మాడినట్టవడం, విరేచనాలు, ముదిరితే మతి చెడటం. ఆ జబ్బు మనకూ కొత్త కాదు. దక్కన్‌లో జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో కనిపిస్తే, హైదరాబాద్‌లోని న్యూట్రిషన్ ల్యాబ్‌లో గోపాలన్, శ్రీకంఠయ్య అనే శాస్త్రవేత్తలు దాని మీద పనిచేసి, జొన్నల్లోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కారణం కావచ్చని 1960లో రాశారు. నువ్వు పొలెంతాను జొన్న సంకటితో పోల్చి వదిలేశావు. పోల్చదలిస్తే ఇక్కడిదాకా వెళ్లు, అప్పుడు ఆ పోలికకు బలం వస్తుంది.

‘ఏ ఇటాలియన్ నానమ్మో ప్రేమతో వండిన వంట’ అన్నావు. నానమ్మను చూశావా? ఇటలీ హోటళ్ల వంటగదుల్లో బంగ్లాదేశ్, ఈజిప్ట్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది పనిచేస్తారు. ఆ పూట గరిటె ఎవరి చేతిలో ఉందో అడిగితే ఏం పోయింది? ఈసారి వెళ్లినప్పుడు అడుగు. నానమ్మే అయితే మరీ మంచిది, ఆవిడతో పది నిమిషాలు మాట్లాడు.

ఇంకొకటి, ఇది సీరియస్. ‘మన శాకాహారులు నిశ్చింతగా తినొచ్చు’ అని రాశావు. కాజేరా చీజ్‌కు పాలు విరిచేది దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో. గ్రానా కూడా అంతే. తినాలో వద్దో వాళ్లిష్టం, కానీ చెప్పకపోవడం తప్పు. నీ మాట నమ్మి తినేవాళ్లుంటారు.

‘అసలు సిసలు ఇటాలియన్’ అన్న మాట కూడా తీసెయ్. తూర్పున దక్షిణ టిరోల్‌కు వెళ్తే పాత రొట్టె ముక్కలు నానబెట్టి చేసిన ఉండలు పెడతారు. ఆ ప్రాంతం మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియాది. ఏది అసలు, ఏది కాదు అన్న పంచాయితీ మనకెందుకు?

బిల్లు దగ్గర మనిషికింత అని ‘కోపెర్తో’ వేస్తే మోసపోయానని టెన్షన్ పడ్డావట. అక్కడ అది మామూలే, కూర్చున్నందుకు వేసే ఛార్జీ. ఆ కంగారు ఉంచు, సరదాగా ఉంది. కాకపోతే అది మోసం కాదని పక్కనే రాయి. మధ్యాహ్నం రెండు, రెండున్నర దాటితే చాలాచోట్ల పొయ్యి ఆర్పేస్తారని కూడా చెప్పు. అంత దూరం కొండెక్కి ఆకలితో తిరిగొచ్చేవాడు నిన్నే తిట్టుకుంటాడు.

మళ్లీ రాసి పంపు. సూర్యాస్తమయం ఫొటోలు నాకొద్దు. మెనూ కార్డు ఫొటో ఉంటే మాత్రం పెట్టు, ధరలు కనపడేలా.

ఉంటాను,
అన్నయ్య