అమ్మ పేరున పరుగెత్తబోయే అమ్మాయికి

చెన్నై

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

క్యాన్సర్‌తో మనకి దూరమైన అక్క పేరున పది కిలోమీటర్లు పరుగెత్తి, వచ్చిన విరాళాలు అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి ఇస్తానన్నావని బావ చెప్పాడు. చాలా సంతోషమేసింది. 1923లో చెల్లెలు క్యాన్సర్‌తో పోయిన దుఃఖమే డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి చేత 1954లో ఆ ఆసుపత్రిని మొదలుపెట్టించింది. నువ్వు సరైన చోటే ఎంచుకున్నావు.

ముందు డబ్బు సంగతి. ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పడేస్తే దండాల బొమ్మలు వస్తాయి, విరాళాలు రావు. ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యి. "అమ్మ పేరున ఇస్తున్నాం, వెయ్యి ఇవ్వగలరా పిన్నీ" అని అంకె చెప్పి అడుగు. ఇందులో మొహమాటం అక్కర్లేదు, నీ కోసం అడగడం లేదు కదా. అవతలివాళ్లు అక్క కబుర్లు మొదలుపెడితే మాత్రం డబ్బు మాట పక్కనపెట్టి విను. నీకు తెలియని అమ్మ ఆ ఫోన్లలోనే దొరుకుతుంది.

డబ్బు నీ ఖాతాలోకి రానివ్వకు, నేరుగా సంస్థకే పంపమను. పన్ను మినహాయింపుకి పనికొచ్చే 80జీ రసీదుకి పాన్ నంబరు కావాలి. 2,000 రూపాయలు దాటిన నగదుకి ఆ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి అసలే లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లలో అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది విదేశీ విరాళం కింద లెక్క. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) ఖాతా వేరే ఉంటుంది, ముందే కనుక్కో. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఆ చిక్కు లేదు.

ఇక పరుగు. మన ఊరి ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే తెల్లవారకముందే మొదలుపెట్టు, మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తు. కాస్త పరుగు, కాస్త నడకతో మూడు నెలలు చేస్తే పది కిలోమీటర్లు అందుతాయి. అక్క ఫొటో టీషర్ట్ ముందు వేయించుకోకు. తడిస్తే ఆ ప్లాస్టిక్ ముద్ర ఛాతీకి అంటుకుని ఒరుస్తుంది. అక్క పేరు, క్యాన్సర్ ఆసుపత్రి కోసం పరుగని మాత్రం గుడ్డ మీద రాసి వీపుకి పిన్ చేసుకో. వెనకొచ్చేవాళ్లు అది చదివి పక్కకొచ్చి, "మా నాన్నకీ ఇదేనండీ" అంటారు. వాళ్లతో రెండడుగులు కలిసి వెయ్యి.

మధ్యలో ఏడుపొస్తే ఊపిరి అందదు. పక్కకి తప్పుకుని నడువు, సర్దుకున్నాక మళ్లీ పరుగెత్తు. టైమింగ్ గురించి టెన్షన్ వద్దు. క్యాన్సర్‌తో కాలు పోయినా, 1980లో కృత్రిమ కాలితో క్యాన్సర్ పరిశోధన విరాళాల కోసం కెనడాలో పరుగు తీసిన టెర్రీ ఫాక్స్ పేరున జరిగే పరుగుల్లో బహుమతులే ఉండవు.

బావని ఫినిష్ దగ్గర కాదు, ఏడో కిలోమీటర్ దగ్గర నిలబడమను. మనిషి అవసరమయ్యేది అక్కడే. అంతా అయ్యాక మొత్తం ఎంత చేరిందో ఇచ్చినవాళ్లందరికీ వారంలోగా రాయి.

రిజిస్ట్రేషన్ అవగానే ఫోన్ చెయ్యి. ఆదివారాలు బీసెంట్ నగర్ బీచ్‌కి నీతో నేనూ వస్తాను.

మీ మామయ్య