నాలుగో నంబరులో మాత్రమే గాలి వచ్చిందంటే...

సందేహం: కొన్ని నెలలుగా మా కారు హీటర్ ఫ్యాను నాలుగో నంబరులో మాత్రమే తిరిగేది. వారం నుంచి అసలు గాలే రావడం లేదు. ఏసీ వేసినా అంతే. ఇంజిన్ మామూలుగానే వేడెక్కుతోంది. హీటర్ మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నారు. తప్పదా?

జవాబు: ఇప్పుడే ఒప్పుకోకండి. కారులో వేడి వేరు, గాలి వేరు. వేడి ఇంజిన్ కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) నుంచి వస్తుంది. గాలిని తోసేది బ్లోయర్ మోటారు. ఏసీకీ, హీటర్‌కీ ఆ మోటారు ఒక్కటే. రెండింటికీ గాలి ఆగిందంటే లోపం గాలి వైపే ఉంది. వేడినిచ్చే భాగాన్ని విప్పాల్సిన పని లేదు.

మీ ఉత్తరంలో అసలు ఆధారం ఆ 'నాలుగో నంబరు'. తక్కువ వేగాలలో కరెంటు దాన్ని తగ్గించే రెసిస్టర్ అనే భాగం గుండా వెళ్తుంది. అన్నిటికన్నా ఎక్కువ వేగంలో, అంటే మీ నాలుగో నంబరులో మాత్రం రెసిస్టర్‌ను తప్పించుకుని నేరుగా మోటారుకు చేరుతుంది. అంటే మీ రెసిస్టర్ నెలల కిందటే కాలిపోయింది. ఇప్పుడు నాలుగో నంబరూ పోయింది కాబట్టి ఇంకొకటేదో తోడైంది.

ముందు ఫ్యూజ్ చూడండి. పోయి ఉంటే అదే ఆంపియర్లది వేయండి. ఎక్కువ ఆంపియర్లదో, తీగ ముక్కో పెట్టారంటే వైర్లు కాలి మంటలు రేగుతాయి, దయచేసి ఆ పని చేయకండి. కొత్తదీ వెంటనే పోతే మోటారు బిగుసుకుందని గానీ, ఎక్కడో షార్ట్ ఉందని గానీ అర్థం. ఫ్యూజ్ బాగుంటే, ఫ్యూజుల పెట్టెలోనే ఉండే, అదే నంబరున్న మరో రిలేను (కరెంటును కలిపే, ఆపే చిన్న స్విచ్) తీసి బ్లోయర్ రిలే స్థానంలో పెట్టి చూడండి.

ఆ తర్వాత మోటారు. చాలా కార్లలో అది గ్లవ్ బాక్సు వెనుక, కింది భాగంలో ఉంటుంది. స్విచ్ నాలుగులో ఉంచి, స్క్రూడ్రైవర్ పిడితో మోటారు మీద మెల్లగా తట్టండి. తిరగడం మొదలుపెడితే లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు అరిగిపోయాయన్నమాట. అది రిపేరు కాదు, రేపు మళ్లీ ఆగుతుంది. మల్టీమీటరు ఉంటే, స్విచ్ నాలుగులోనే ఉంచి మోటారు కనెక్టరులోని రెండు పిన్నుల మధ్య కొలవండి. సుమారు 12 వోల్టులు వస్తున్నా మోటారు తిరగకపోతే మోటారే మార్చాలి. రాకపోతే లోపం స్విచ్‌లోనో వైరింగులోనో ఉంది.

నా అనుమానం మాత్రం మోటారు మీదే. బేరింగులు అరిగిన మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వేడికి ముందు రెసిస్టరే బలవుతుంది. అందుకే కొత్త రెసిస్టర్ ఒక్కటే వేసి పంపిస్తే అదీ త్వరలోనే కాలిపోవచ్చు. దాని కనెక్టరును కూడా చూడమనండి. ప్లాస్టిక్ కరిగినా, గోధుమ రంగుకు తిరిగినా కనెక్టరూ మార్చాల్సిందే.

ఉష్ణోగ్రతను తానే సరిచూసుకునే ఆటోమేటిక్ ఏసీ కార్లున్నవారికి ఒక మాట. వాటిలో రెసిస్టర్‌కు బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, కాబట్టి ఈ నాలుగో నంబరు గుర్తు పనిచేయదు. పైగా చలిలో కూలెంట్ వేడెక్కేదాకా కొన్ని కార్లు ఫ్యానును కావాలనే ఆపి ఉంచుతాయి.

గాలి లేకపోతే ముందు అద్దం మీద పట్టిన ఆవిరి పోదు. దారి కనిపించని కారు నడపడం ప్రాణాల మీదికి తెస్తుంది, అందుకని దీన్ని వాయిదా వేయకండి. పని చేయించేటప్పుడే కారు లోపలికి వచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ కూడా మార్చించండి. రెసిస్టర్ చల్లబడేది దాన్ని తాకుతూ వెళ్లే గాలి వల్లే. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే ఆ గాలి తగ్గిపోతుంది.